దుప్పికొక తూటా, జింకకొక తూటా

మా అమ్మమ్మ వాళ్లది కొల్లాపూర్. ఆ ఇంటి నడవలో దూలానికి కొట్టిన మేకుకు ఒక తోలు పట్టీ వేలాడుతుండేది. వేసవి సెలవులకు పోయినప్పుడల్లా పిల్లలం దాన్ని నడుముకు చుట్టుకుని దొంగా పోలీసాట ఆడుకునేవాళ్లం. పట్టీ పొడుగునా వరసగా తోలు గళ్లు కుట్టి ఉండేవి. సగం గళ్లు బొటనవేలు పట్టేంత వెడల్పు, మిగతా సగం చిటికెనవేలు పట్టేంత సన్నం. అన్నీ ఖాళీయే. తుపాకి మాత్రం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. అమ్మమ్మ తమ్ముడు, మేం చిన్నతాత అని పిలిచేవాళ్లం, వయసులో ఉన్నప్పుడు వేటకొచ్చే పెద్దమనుషుల వెంట తుపాకి మోసుకుని అడవికి పోయేవాడట. వాళ్లు వాడి పారేసిన పట్టీ ఆయనకు దక్కింది.

"గళ్లు రెండు తీర్లుగ ఎందుకున్నయి తాతా?" అని ఒకసారి అడిగాను.

"ఎడల్పుయి పన్నెండు బోరుయి. సన్నయి రైఫల్‌వి. దుప్పికొకటి, జింకకొకటి. యాడ ఏది బెట్టాల్నో తెల్వనోడు తుపాకి పట్టొద్దు."

"తప్పు తూటా పెడితే ఏమైతది?"

"ఏమైతది బిడ్డా... జంతువు సావదు, బతకదు. నడుమ ఉంటది. కొట్టినాయన గుడారంల చాయ్ తాగుతుంటడు. ఆ నడుమ ఉన్నదాన్ని ఎతుక్కుంట పొయ్యేటోళ్లం మేము."

అప్పుడు ఆ మాట నాకు పెద్దగా ఎక్కలేదు. చాలా ఏళ్ల తర్వాత వేట పుస్తకాలు, తుపాకుల చరిత్ర, అటవీ చట్టాలు చదువుతుంటే మళ్లీ మళ్లీ అదే గుర్తొచ్చింది. వేటగాళ్లు రాసుకున్న వందల పేజీల్లో తూటా ఎంపిక మీద సాగిన తర్కమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: జంతువు చావుకీ బతుక్కీ నడుమ ఎంతసేపు ఉండాలి? ఆ తర్కం మన దగ్గర ఎవరు చేశారు, ఎవరికి చేసే వీలు దొరికింది, చివరికి అది ఎక్కడ తేలింది అన్నది ఈ వ్యాసం.

రెండు నేలల అంచున

కొల్లాపూర్ ఉన్న చోటే ఈ కథకు సరిపోయే చోటు. దక్షిణాన కృష్ణ, తూర్పున నల్లమల, పడమర వైపు వనపర్తి, గద్వాల, మక్తల్ దాకా పరుచుకున్న మెట్ట చేలు, బీళ్లు. సురభి వంశీయుల జటప్రోలు సంస్థానం 19వ శతాబ్దంలో తన కాపురం ఏటి ఒడ్డునున్న జటప్రోలు నుంచి ఇక్కడికి మార్చుకుంది. నిజాంకు పేష్కష్ కట్టుకుంటూ, తన లోపలి వ్యవహారం తాను చూసుకున్న సంస్థానాల్లో ఇదొకటి. ఆ పాత జటప్రోలు తర్వాత శ్రీశైలం జలాశయం కింద మునిగింది, గుళ్లను రాయి రాయిగా విప్పి పైకి తెచ్చి కట్టారు.

ఈ అంచు మీద నిలబడితే రెండు రకాల జంతువులు రెండు వైపులా ఉంటాయి. మనం మాటల్లో అన్నిటినీ కలిపి జింకలనేస్తాం గానీ అవి రెండు వేర్వేరు కుటుంబాలు. దుప్పుల కొమ్ములు ఏటేటా రాలి మళ్లీ మొలుస్తాయి, కొమ్మలు వేస్తాయి. నల్లమల లోపలుండే చుక్కల దుప్పి, కణుజు అని పెద్దలు పిలిచే సాంబరు ఈ జాతివి. రెండో కుటుంబం కొమ్ములు ఒకసారి మొలిస్తే చచ్చేదాకా ఉంటాయి, కొమ్మలు వేయవు. మైదానాల్లోని కృష్ణజింక, అంటే మన పాత మాటల్లో ఇర్రి, లేడి. చింకారా, మనుబోతు, నాలుగు కొమ్ముల కొండగొర్రె, ఇవన్నీ ఆ కోవలోవి.

తుపాకి పట్టినవాడికి ఈ తేడా పుస్తకాల తేడా కాదు. కొండగొర్రె ఇరవై కిలోలుంటుంది. కృష్ణజింక పోతు ముప్పై అయిదు, నలభై. చుక్కల దుప్పి పోతు డెబ్బై, ఎనభై. సాంబరు, మనుబోతు రెండు వందల కిలోలు దాటతాయి. పైగా కృష్ణజింక కనుచూపు మేర ఆకు అడ్డం లేని బీడులో నిలబడి నిన్ను నీకంటే ముందే చూస్తుంది. రెండు వందల గజాల లోపలికి రానివ్వదు. సాంబరు వెదురు పొదల వెనక ముప్పై గజాల్లో ఉన్నా చెవి తప్ప ఏమీ కనబడదు. ఒకచోట దూరం, తేలిక శరీరం. ఇంకోచోట దగ్గర, దిట్టమైన శరీరం, నడుమ కొమ్మలు. రెండింటికీ ఒకే తూటా పెట్టడమంటే సూదితోనే గోనె సంచీ, పట్టు చీరా కుట్టడం లాంటిది.

మందు, గుండు, పొగ

తూటా రాకముందు గుండు ఉండేది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు గొట్టం మూతి నుంచి పోసి, పైన గుడ్డముక్కో పీచో దట్టించి, సీసపు గుండు దింపి, గజంతో కొట్టేవారు. ఇప్పటికీ మన ఊళ్లలో నాటు తుపాకి అన్నా, బర్మార్ అన్నా ఇదే. దీనికి పెద్ద గుండే బలం. మందుకున్న శక్తి ఒక హద్దు దాటదు కాబట్టి గుండు వేగం పెరగదు. వేగం పెరగనప్పుడు దెబ్బ పెంచాలంటే బరువు పెంచాలి.

"పన్నెండు బోరు" అన్న మాట పుట్టింది కూడా ఆ లెక్కలోంచే. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఆ గుండు ఇమిడే గొట్టం పన్నెండు బోరు. ఒక్కో గుండు దాదాపు 38 గ్రాములు, అడ్డకొలత పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. బోరు అంకె తగ్గేకొద్దీ గుండు పెరుగుతుంది. ఎనిమిది బోరు, నాలుగు బోరు ఏనుగులకు. మన ఊళ్లలో పన్నెండు బోరు తుపాకి ఉన్నవాళ్లలో చాలామందికి ఆ పన్నెండు ఏమిటో తెలియకపోయినా, ఆ పేరు మాత్రం ఇంటిపేరంత మామూలైపోయింది.

నల్లమందు గుండుతో చిక్కు దూరం. గొట్టం దాటిన క్షణం నుంచి గుండు కిందికి వంగుతూ పోతుంది. యాభై గజాలకు సరిగ్గా గురిపెట్టినవాడు వంద గజాల జంతువుని కాళ్ల దగ్గర కొడతాడు. మధ్యపరగణాల్లో పనిచేసిన జేమ్స్ ఫార్సిత్ అనే ఇంగ్లీషు అధికారి 1860ల్లో ఈ సమస్య మీదే ఒక పుస్తకం రాశాడు. ఆయన వాదం తేలికైనదే: అడవిలో దూరం అంచనా కట్టడం ఎవరికీ చేతకాదు. కాబట్టి అంచనా తప్పినా తగిలే తుపాకి కావాలి. గొట్టం లోపలి మరలను బాగా సడలించి, గుండ్రటి గుండు వెనక మందు బాగా పెంచితే, గుండు ఆ కాస్త దూరమూ ఇంచుమించు తిన్నగా పోతుంది. ఇంగ్లండు తుపాకీ పనివాళ్లు తేలికపాటి పొడుగు గుండుకు ఎక్కువ మందు జోడించి "ఎక్స్‌ప్రెస్" రైఫిళ్లు చేశారు. రైలుబండి వేగం కొత్త వింతగా ఉన్న రోజుల్లో, 1856లో, పర్డీ అనే లండన్ పనివాడు పెట్టిన పేరు అది.

ఎక్స్‌ప్రెస్ గుండు మొనలో ఒక గుంత ఉండేది. ఒంటికి తగలగానే గుంత విచ్చుకుని గుండు పువ్వులా విప్పారుతుంది. జింకల మీద అది బ్రహ్మాండంగా పనిచేసింది. అదే గుండుని పెద్ద జంతువు భుజపుటెముక మీద కొడితే చర్మం కిందే తునకలైపోయేది. పైన పళ్లెమంత గాయం, లోపల గుండెకాయ పదిలం. సామ్యూల్ బేకర్ 1890లో అచ్చయిన తన పుస్తకంలో ఈ గుల్ల గుండ్లను పెద్ద జంతువుల మీద వాడటాన్ని గట్టిగా తప్పుపట్టాడు. ఆయన కోరింది మెత్తటి సీసంతో పోసిన గట్టి గుండు: విప్పారాలి, తునకలు కాకూడదు.

దీనితో తూటా ఎంపికలోని అసలు ప్రశ్నలు రెండు బయటపడ్డాయి. గుండు ఎంత లోతు పోతుంది? ఎంత విప్పారుతుంది? లోతు పెరిగితే విప్పారడం తగ్గుతుంది, విప్పారడం పెరిగితే లోతు తగ్గుతుంది. ఏ జంతువుకి ఈ రెంటినీ ఎక్కడ కలపాలన్నదే మిగతా కథంతా.

యుద్ధంలో పాపం, వేటలో ధర్మం

1880ల్లో పొగరాని మందు వచ్చింది. ఫ్రాన్సులో మొదలై, బ్రిటన్‌లో 1889 నాటికి కార్డైట్ రూపం తీసుకుంది. ఒక్క దెబ్బతో పాత లెక్కలన్నీ తారుమారయ్యాయి. గుండు సెకనుకు ఆరు వందల మీటర్లు, ఆ పైన పోవడం మొదలైంది. ఆ వేగానికి వట్టి సీసం గొట్టంలోనే అరిగి అంటుకుపోతుంది కాబట్టి గుండుకు రాగి, నికెల్ లోహాల తొడుగు వేశారు. బ్రిటిష్ సైన్యానికి .303 వచ్చింది. గుండు బరువు 14 గ్రాములు మాత్రమే, మన పన్నెండు బోరు గుండులో సగం కూడా కాదు. అయినా అంతకు ఎన్నో రెట్లు దూరం పోతుంది.

అయితే తొడుగు మొత్తం మూసేసిన ఆ గుండు ఒంట్లోంచి సూదిలా దూసుకుపోయేది. వాయవ్య సరిహద్దు యుద్ధాల్లో, గుండు తగిలినా శత్రువు ఆగడం లేదని సైనికులు ఫిర్యాదు చేశారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ క్లే 1896లో దానికి విరుగుడు కనిపెట్టాడు. మొన దగ్గర తొడుగు తీసేసి లోపలి సీసాన్ని బయటపెట్టాడు. గుండు ఒంట్లో విప్పారింది. యూరప్ గగ్గోలు పెట్టింది. 1899 హేగ్ సమావేశం ఒంట్లో విప్పారే గుండ్లను యుద్ధంలో వాడకూడదని ప్రకటించింది. బెంగాల్లో ఒక ఊరి పేరు ప్రపంచ భాషలన్నిటిలో క్రూరత్వానికి మారుపేరై నిలిచింది.

ఇక్కడ ఆగి ఒక సంగతి చూడాలి. యుద్ధంలో పాపమని నిషేధించిన ఆ గుండునే వేటగాళ్లు ధర్మమైన గుండు అన్నారు. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. సైనికుడికి గాయం చేస్తే చాలు, వాడు యుద్ధం నుంచి తప్పుకుంటాడు, వెనక డేరాలో డాక్టరుంటాడు. దుప్పికి డాక్టరు లేడు. మూసిన తొడుగు గుండు కృష్ణజింక ఊపిరితిత్తుల పక్కనుంచి సన్నటి కన్నం చేసుకుని పోతే, అది రెండు మైళ్లు ఉరికి ఏ జొన్నచేలోనో పడి మరుసటి పగలు దాకా చావదు. మొన మెత్తగా వదిలిన గుండయితే ఆ పక్కనే రెండడుగుల్లో కూలుతుంది. ఒకే వస్తువు, ఒకే పని. ఒకచోట దయలేనితనం, మరోచోట దయ. తూటాలో నీతి ఉండదు, అది ఎవరికి తగులుతుంది, తర్వాత ఎవరొస్తారు అన్నదాంట్లో ఉంటుంది.

మైదానపు జింకకు కోరదగిన తూటా ఏదన్నది 20వ శతాబ్దం మొదటి పదేళ్లలో తేలిపోయింది. తొమ్మిది గ్రాముల తేలిక గుండు, మెత్తని మొన, సెకనుకు ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు వేగం. జిమ్ కార్బెట్ పుస్తకాలు చదివినవాళ్లకు తెలిసిన .275 రిగ్బీ ఇదే. చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో ఆయనకు బహుమతిగా వచ్చిన తుపాకి. అడవిలోని సాంబరుకు దానికి పూర్తిగా ఎదురు: బరువైన గుండు, మధ్యరకం వేగం, పొదల కొమ్మలు తగిలినా దారి పెద్దగా తప్పనిది. కెన్నెత్ ఆండర్సన్ చిత్తూరు జిల్లా చామల లోయలో, మామండూరు అడవుల్లో తిరిగినప్పుడు చేతిలో ఉన్న .405 వించెస్టర్ అలాంటిది. ఆయన పోయింది పులుల కోసమే అయినా, ఆ అడవుల తీరుకు సరిపోయే తుపాకి అది.

సర్కారు భయం, దుప్పి చావు

ఇదంతా చదివితే ఎవరికి వాళ్లు జంతువుని బట్టి తూటా ఎంచుకున్నారని అనిపిస్తుంది. నిజానికి ఎంపిక అంత స్వేచ్ఛగా ఏమీ జరగలేదు. సరిహద్దుల్లో, ఊళ్లలో పాత మార్టినీ హెన్రీ తుపాకులు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్నాయి, వాటి బోరు .450. ఆ బోరు తూటాలు వేట పేరుతో దిగుమతయి వాళ్లకు చేరతాయన్న భయంతో 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 బోరుని ఇండియాలోకి రానివ్వడం ఆపేసింది. లండన్, బర్మింగ్‌హామ్ తుపాకీ కంపెనీలు రాత్రికి రాత్రి .465, .470, .476 అంటూ కొత్త బోర్లు పుట్టించాయి. ఏ జంతువు కోసమూ కాదు, ఆ అంకె తప్పించుకోవడం కోసం.

.303 సైన్యం బోరు కనక పౌరులకు అదీ కుదరదు. దాంతో ఇండియాలో మామూలు వేటగాడికి మిగిలింది .315. ఆస్ట్రియా సైన్యం వాడిన ఎనిమిది మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటాకు ఇంకో పేరు అది. బ్రిటిష్ సైన్యానిది కాదు కాబట్టి సర్కారుకు భయం లేదు. దాదాపు పదహారు గ్రాముల గుండు, ఓ మోస్తరు వేగం. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ ఆయుధ కర్మాగారం అదే బోరులో రైఫిలు చేసింది, తూటాలు పుణె పక్క ఖడ్కీలో తయారయ్యాయి. వాటి ఇత్తడి అడుగున "కేఎఫ్" అని అచ్చు ఉంటుంది. అంటే నల్లమల దుప్పి ఏ గుండుకు చచ్చిందన్నది దుప్పి ఒళ్లూ కాదు, వేటగాడి తెలివీ కాదు, సగం పైన పెషావర్ కొండల గురించిన భయం తేల్చింది. నిజాం రాజ్యంలో చట్టాలు వేరైనా, విదేశీ తుపాకి దిగాల్సింది బొంబాయి, మద్రాసు రేవుల్లోనే కదా.

ఎంచుకున్నవాళ్లు, ఎతుక్కున్నవాళ్లు

హైదరాబాద్ రాజ్యంలో వేట ఒక రాచ మర్యాద. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులి వేటగాడిగా పేరు. 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది ఆయన పేరు మీదే. 1902లో వైస్రాయి కర్జన్ ఓరుగల్లు వైపు అడవుల్లో వేటాడినప్పుడు భార్యతో కలిసి, చచ్చిన పులి పక్కన తీయించుకున్న ఫోటో ఇప్పటికీ వేట చరిత్ర రాసే ప్రతివాళ్లూ వాడుకుంటారు. మన్ననూరు దాటి ఫరహాబాద్ పోతే నిజాం వేట విడిది శిథిలాలు కనబడతాయి. అలాంటి వేటకు వచ్చేవాళ్ల వెంట రెండు మూడు తుపాకులు, ఒక్కోదానికి రెండు మూడు రకాల తూటాలు. విలాయతీ కంపెనీల కేటలాగులు తిరగేసి తెప్పించుకున్నవి.

ఫోటోలో కనబడనివాళ్లు రెండు రకాలు. మొదటివాళ్లు హాకా కొట్టేవాళ్లు. డప్పులు, కేకలతో అడవిని ఒక వైపు నుంచి తోలుకొచ్చి జంతువుని తుపాకి ముందుకు తెచ్చేవాళ్లు. వెట్టి నడిచిన కాలంలో ఆ పనికి కూలి అడిగే ధైర్యం ఎవరికుంటుంది? రెండోవాళ్లు అడుగుజాడ పట్టేవాళ్లు, నల్లమలలో ఎక్కువగా చెంచులు. గాయపడ్డ జంతువు వెనక పోవడం వాళ్ల పని. అది సాంబరయితే కొమ్ములతో కుమ్ముతుంది, చిరుతయితే చెప్పనక్కర్లేదు. తప్పు తూటా ఖరీదు కట్టింది వాళ్లు.

చెంచుల చేతిలో ఉన్నది ఇనుప మొన బాణం. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద వాళ్ల మధ్య గడిపి, 1943లో పుస్తకం వేసిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గమనించిన సంగతొకటి ఉంది. వేటగాళ్లని మనం పేరుపెట్టిన ఆ జనం కడుపు నింపుకునేది ఎక్కువగా గడ్డలు, పళ్లు, ఆకులతో. వేట మాంసం ఎప్పుడో అదృష్టం కొద్దీ దొరికేది. బాణం దెబ్బకు దుప్పి అక్కడికక్కడ పడదు, నెత్తురు కారుకుంటూ పోతుంది. కానీ బాణం వేసినవాడే దాని వెంట పోతాడు. అలా పోవడం వేటలో భాగమే అతనికి. చాయ్ తాగుతూ కూర్చోడు.

ఇక రైతు. చేను మేసే జంతువు మీద కోపం, ఇంట్లో నాటు తుపాకి, జేబులో మందు. లేదా ఊళ్లో ఒకరిద్దరికి ఉన్న లైసెన్సు పన్నెండు బోరు. దానికి దొరికే తూటాల్లో పిట్టలకు వాడే సన్న ఛర్రాలుంటాయి, పెద్ద జంతువుకని కొన్నే పెద్ద గుండ్లుండే ఎల్జీ, ఎస్జీలుంటాయి. ముప్పై గజాల్లో ఎల్జీ దుప్పిని పడేస్తుంది. అరవై గజాల్లో గుండ్లు చెదిరి ఒకటి తొడలో, ఒకటి పొట్టలో. పొట్టలో గుండు పడ్డ దుప్పి మూడు రోజులు బతుకుతుంది. చిన్నతాత మాటల్లో, "ఎల్జీ కొట్టిన దుప్పిని కన్నా, కొట్టక ఇడ్సిన దుప్పిని కన్న పుణ్యమెక్కువ." ఆయన ఆ రెంటినీ చూసినవాడు.

జీపు, లైటు, చట్టం

రాజ్యాలు పోయాక వేట తగ్గుతుందనుకుంటాం. జరిగింది వేరు. యుద్ధం నుంచి మిగిలిన జీపులు వచ్చాయి, బ్యాటరీ లైట్లు వచ్చాయి. రాత్రిపూట బీడులో లైటు వేస్తే కృష్ణజింకల మంద కళ్లు మెరుస్తూ నిలబడిపోతుంది. రెండు వందల గజాల దూరం, గాలి వాలు, నేల మీద పాకడం, మెత్తని మొన తూటా, ఇన్నాళ్ల విద్యంతా జీపు ముందు అక్కర్లేనిదైపోయింది. పదిహేను గజాల్లో దేనితో కొడితే ఏం? దేశమంతా కృష్ణజింక మందలు కరిగిపోయాయి. 1952లో చీతా మన దేశంలో అంతరించిందని ప్రకటించారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాయడంలో ముఖ్యపాత్ర ఎం.కె. రంజిత్‌సింహ్‌ది. గుజరాత్‌లోని వాంకానేర్ రాజవంశంలో పుట్టి ఐఏఎస్ అయినవాడు, తర్వాత కృష్ణజింక మీద పరిశోధన చేసి పుస్తకం రాసినవాడు. ఆ చట్టం మొదటి రూపాన్ని ఇప్పుడు చదివితే ఆశ్చర్యంగా ఉంటుంది. వేటను మొత్తం ఆపలేదది. లైసెన్సుతో కొన్ని జంతువుల వేటకు వీలుంచి, 17వ సెక్షనులో ఎలా వేటాడకూడదో జాబితా రాసింది. బండి మీంచి కూడదు. లైటు వేసి కూడదు. పొద్దు గుంకాక కూడదు. నీటి గుంట దగ్గర, ఉప్పు నేల దగ్గర కాపు కాసి కూడదు. వల, ఉచ్చు, విషం కూడదు. పెద్ద జంతువుని రైఫిలుతోనే కొట్టాలి. పన్నెండు బోరు లాంటి తుపాకి వాడాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి, అందులోనూ ఒంటి గుండు తూటానే వేయాలి, ఛర్రాలు కాదు.

చివరిది చూడండి. చిన్నతాత పట్టీ మీద చెప్పిన పాఠం దేశపు చట్టంలో ఒక వాక్యమై కూర్చుంది. నిజానికి ఈ ఆలోచన ఇంకా పాతది. మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు లేడితో కలిసి ఉన్న మగ జింకను కొడతాడు. ఆ జింక రూపంలో ఉన్న కిందముడనే ముని, రాజులు మృగాల్ని చంపడాన్ని తప్పు పట్టడు. చంపిన సమయాన్ని, తీరుని తప్పు పట్టి శపిస్తాడు. వేటను ఒప్పుకున్న ప్రతి సమాజమూ "ఎలా" అన్న గీత ఒకటి గీసుకునే ఒప్పుకుంది.

1991 సవరణతో ఆ లైసెన్సులు, వాటితోపాటు 17వ సెక్షనూ పోయాయి. వేటే లేనప్పుడు వేట పద్ధతికి చట్టమెందుకు? న్యాయమే. కొల్లాపూర్ పక్క అడవులు అమ్రాబాద్ పులుల అభయారణ్యంతో కలిసి ఉన్నాయిప్పుడు. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. ఏరు దాటితే చాలు, రాష్ట్ర జంతువు మారుతుంది.

తీగకు తేడా తెలియదు

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. నారాయణపేట జిల్లాలో కృష్ణ, మాగనూరు మండలాల రైతుల్ని అడిగి చూడండి. కృష్ణజింకల మందలు పెరిగాయి, మొలకెత్తిన పత్తి, కంది రాత్రికి రాత్రి మాయమవుతుంది. జింక మీద చెయ్యి వేస్తే జైలు, వేయకపోతే అప్పు. అడవి అంచు ఊళ్లలో పందుల బెడద దీనికి తోడు. పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు, పంట కాలం ఆగదు.

అప్పుడు జరిగేదేమిటో తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలుసు. చేను చుట్టూ ఇనుప తీగ కట్టి, మోటారు లైనుకు కొండి తగిలిస్తారు. పందికని కట్టిన తీగకు దుప్పి తగులుతుంది, జింక తగులుతుంది, పొద్దున్నే చేనుకు పోయిన పక్క రైతు తగులుతాడు. పంది నోట్లో పేలే నాటు బాంబులు, బైకు క్లచ్ తీగలతో పన్నిన ఉచ్చులు వేరే. నడుముకు ఉచ్చు బిగిసిన దుప్పి రెండు రోజులు అక్కడే గింజుకుంటుంది. ఎవరూ ఎతుక్కుంటూ పోరు. కొట్టినవాడెవడో, వెతకాల్సినవాడెవడో తెలియదు.

నూటయాభై ఏళ్లపాటు జంతువు త్వరగా చావాలని లెక్కలు కట్టినవాళ్లు మంచివాళ్లనో, వాళ్ల వేటలు తిరిగి రావాలనో నేను అనడం లేదు. ఆ లెక్కలు కట్టిన చేతులు ఎన్ని వేల జంతువుల్ని చంపాయో, ఎంతమంది చేత వెట్టి చేయించుకున్నాయో మనకు తెలుసు. కానీ ఆ లెక్కలో ఒక బాధ్యత ఉండేది: కొట్టేముందు ఎవరిని కొడుతున్నావో చూడు, అది ఎంతసేపు బాధపడుతుందో ఆలోచించు. రైఫిలు పోతే ఆ ప్రశ్న కూడా పోవాలని లేదు. చేను కాపాడుకోవడం రైతు హక్కయితే, తీగ కట్టకుండా కాపాడుకునే దారి చూపడం సర్కారు పని. కంచెకు డబ్బు, సకాలంలో పరిహారం, మందలు మరీ పెరిగిన చోట పట్టి అడవుల్లో వదలడం. ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. అమలు కావడమే కొత్త.

చిన్నతాత పోయి చాలా ఏళ్లయింది. ఇల్లు అమ్మేటప్పుడు ఆ తోలు పట్టీ నేను తెచ్చుకున్నాను. ఎలుకలు ఒక కొస కొరికాయి, వెడల్పు గళ్లు సాగిపోయి వేలాడుతున్నాయి, సన్న గళ్లు మాత్రం బిగువుగానే ఉన్నాయి. మొన్న మా అమ్మాయి దాన్ని చూసి, "గళ్లు రెండు సైజులెందుకు?" అని అడిగింది. తాత చెప్పిన జవాబే చెప్పాను. "మరి కరెంటు తీగకు ఏ సైజు?" అంది.

దానికి తాత దగ్గరా జవాబు లేదు.